రెండో జ్వరం

మీ ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చి తగ్గితే వెంటనే సంతోషపడకండి. ఇంకో పది రోజులు అనుమానంగా చూడండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి, తిడితే పడండి. దగ్గు వినబడితే వంటింట్లోకి వెళ్ళి అడగండి. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. మిగతాది చదివే ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆగిపోయినా ఫరవాలేదు.

నా పేరు ప్రసాదరావు. మలికిపురంలో మాకు కొబ్బరికాయల కొట్టు ఉంది. తోటల్లో దింపిన కాయ కొని, పీచు వలిపించి, బస్తాలకెత్తి లారీలెక్కించడం నా పని. వలుపు కూలీల టీ దగ్గర్నుంచి లారీ డ్రైవరు భోజనం దాకా నా భార్య సత్యవతి పని. ఇల్లు కొట్టు వెనకే. ముప్ఫై ఏళ్ళు ఆ మనిషి వంటింటికీ కొట్టుకీ మధ్య తిరుగుతూనే ఉంది. మాకు ఒక్కతే కూతురు సునీత. ఐనవిల్లిలో ఇచ్చాం, చంటిపిల్ల తల్లి.

కార్తీకం చివరి వారం

జబ్బు నేను తెచ్చాను. ఇందులో ఎవరికీ సందేహం లేదు.

కార్తీకమాసం ఆఖరి ఆదివారం మా వ్యాపారస్తులమంతా ఒక తోటలో వనభోజనాలు పెట్టుకున్నాం. నా పక్క విస్తరి ముందు కూర్చున్నాయన పులిహోర తింటున్నంతసేపూ దగ్గుతూనే ఉన్నాడు. లేచి వేరేచోట కూర్చుంటే ఆయన ఏమనుకుంటాడోనని కూర్చున్నాను. మా వైపు మర్యాద అలా ఉంటుంది. మనిషి పోయినా మర్యాద పోకూడదు.

మంగళవారానికి మంచమెక్కాను. నడుము, పిక్కలు, కనుగుడ్ల వెనకాల కూడా నొప్పి. దుప్పటి తగిలినా చర్మం మండేది. జ్వరమొచ్చిన మగాడంత అధికారం చెలాయించేవాడు ఇంకొకడుండడు. గంటకోసారి పిలిచేవాడిని. కాళ్ళు పట్టమనేవాడిని, పట్టకపోతే మూలిగేవాడిని. సునీత ఫోన్ చేసి తల్లికి మాస్కు పెట్టుకోమని చెప్పింది. సత్యవతి పెట్టుకుని గదిలోకి వచ్చింది.

"ఏంటది? నన్ను వెలేశావా?" అన్నాను.

"అమ్మాయి పెట్టుకోమందండీ."

"అయితే అమ్మాయినే వచ్చి కాళ్ళు పట్టమను."

తీసేసింది. ఆ మాస్కు రెండు రోజులు కిటికీ ఊచకు వేలాడింది.

రెండో రోజే రాజోలులో డాక్టరుకు చూపించుకున్నాను. ఫ్లూ అన్నారు. పూటకొకటి చొప్పున ఐదు రోజులు వాడమని పది క్యాప్సూల్స్ రాశారు. ఆరు వేసుకునేసరికి జ్వరం దిగిపోయింది. దిగిపోయాక మందెందుకని మిగిలిన నాలుగూ బీరువాలో దాచాను. దాచుకునే బుద్ధి మాకు పుట్టుకతో వస్తుంది.

ఇక్కడ పథ్యం గురించి చెప్పాలి. మా ఇళ్ళలో జ్వరం పోయిందని తేల్చేది డాక్టరు కాదు. జ్వరం దిగిన మర్నాడు వేడినీళ్ళతో తలకి పోసి, పాత బియ్యం అన్నంలో బీరకాయ కూర, మిరియాల చారు పెడతారు. అది తిన్న మనిషి ఇక రోగి కాదు. ఊళ్ళో కూడా "తగ్గిందా?" అని అడగరు, "పథ్యం తిన్నాడా?" అని అడుగుతారు. తిన్నాడంటే ఆ సంగతి ముగిసింది. ఆ తర్వాత మళ్ళీ జ్వరమొస్తే దానికీ ఒక మాట తయారుగా ఉంది. పథ్యం వికటించింది అంటారు. అందులో దోషులు ఇద్దరే ఉంటారు. పెట్టిన చెయ్యి మంచిది కాకపోవాలి, లేదా తిన్న మనిషి దొంగచాటుగా ఇంకేదో తినేసి ఉండాలి.

నా పథ్యం సత్యవతి పెట్టింది. శుభ్రంగా తిన్నాను, కొట్టులో కూర్చున్నాను. మర్నాడు ఆవిడ మంచమెక్కింది.

మార్గశిరం మొదటి వారం

సత్యవతికి జ్వరం వచ్చేనాటికి నేను డాక్టరునైపోయాను. జబ్బు పడి లేచినవాడికి ఆ పదవి ఊరికే వచ్చేస్తుంది. బీరువాలో నాలుగు క్యాప్సూల్స్ తీసి, పొద్దునొకటి సాయంత్రమొకటి వేశాను. రెండు రోజులకి అయిపోయాయి.

సునీత ఫోన్‌లో గోలపెట్టింది. "నాన్నా, రాజోలు తీసుకెళ్ళి చూపించు. నీ మందు అమ్మకెలా వేసేస్తావు?"

"జబ్బొకటే, మందొకటే. మళ్ళీ ఆ డాక్టరు మొహం చూడ్డానికి వెళ్ళాలా?"

"సగంలో ఆపెయ్యకూడదు నాన్నా."

"నేనాపలేదా? చచ్చానా?"

నేను చావలేదు. ఆ మాట నిజమే.

మా అక్క మహాలక్ష్మి రాజోలులో ఉంటుంది. మా అమ్మ పోయాక మా ఇంటికి పెద్దదిక్కు ఆవిడే. రోజూ ఫోన్ చేసేది. "ఎన్నాళ్ళు పడుకుంటుందిరా మీ ఆవిడ? నువ్వు నాలుగో రోజుకే లేచేవుగా. గురువారం మేమంతా నిన్ను పలకరించడానికి వస్తున్నాం. ఆవిడ మంచం మీదుంటే కాఫీ నీళ్ళు ఎవరిస్తారు?"

ఒంట్లో బాగులేని మనిషిని చూడ్డానికి రాకపోతే మా వైపు ముప్ఫై ఏళ్ళయినా మరిచిపోరు. వస్తామన్నవాళ్ళని వద్దంటే అసలే మరిచిపోరు. అందుకని నేను వద్దనలేదు. పైగా వాళ్ళు రావాలని నాకూ ఉంది. నా జ్వరం కథ నలుగురికీ చెప్పుకోవాలని సరదా.

బుధవారం పొద్దున సత్యవతి ఒళ్ళు చల్లబడింది. చెయ్యి వేసి చూసి, "దిగిపోయింది. ఈ రోజే పథ్యం పెట్టేద్దాం," అన్నాను.

"రేపొక్కరోజు చూద్దామండీ. ఒంట్లో ఇంకా బాగోలేదు."

"రేపు జనం వస్తారు."

ఆవిడ లేచి కూర్చుని జడ విప్పుకుంది. నేనే నీళ్ళు కాచాను, నేనే తలకి పోశాను. పెళ్ళయ్యాక మొదటిసారి ఆవిడ కోసం పొయ్యి వెలిగించాను. బీరకాయలు చెక్కు తీస్తూ వేలు కోసుకున్నాను. అది కూడా అందరికీ చెప్పాను. కంచం పట్టుకెళ్ళి ముందు పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చున్నాను. నాలుగు ముద్దలు తింది.

"ఎలా ఉంది?"

"బావుందండీ," అంది.

ఆ మాటకి పొంగిపోయాను. తలారబెట్టుకోవడానికి వాకిట్లో కుర్చీ వేశాను. ఎండ సరిగా లేదు. జుట్టు ఆరేదాకా వణుకుతూనే కూర్చుంది.

గురువారం పద్దెనిమిది మంది వచ్చారు. రొట్టెలు, బత్తాయిలు, హార్లిక్సు డబ్బాలు. నేను వరండాలో దిండుకానుకుని నా జ్వరం గురించి మొదట్నుంచీ చెప్పాను. మధ్యలో సత్యవతి జ్వరం కూడా ఒక పిట్టకథగా వచ్చింది. "మా ఆవిడకి నేనే పథ్యం పెట్టేనండి," అంటే మగవాళ్ళు నవ్వారు, ఆడవాళ్ళు మెచ్చుకున్నారు. సత్యవతి రెండు విడతలుగా కాఫీ తెచ్చింది. రెండో విడతకి ఒంటిమీద శాలువా ఉంది.

"మిట్టమధ్యాహ్నం శాలువా ఏంటి? వాళ్ళేమనుకుంటారు?" అని గుమ్మం దగ్గర విసుక్కున్నాను.

తీసి భుజం మీద మడిచి వేసుకుంది. లోపల వంటింట్లో స్టూలు లాగిన చప్పుడు వినిపించింది. ముప్ఫై ఏళ్ళలో సత్యవతి కూర్చుని పొయ్యి దగ్గర పని చెయ్యడం నేను చూడలేదు.

శుక్రవారం సంగతి నాకు తెలియదని రాయబోయాను. అది అబద్ధం. దగ్గు వినబడుతూనే ఉంది. కొట్టులోకి టీ తెచ్చినప్పుడు గుమ్మం పట్టుకుని ఒక్క క్షణం ఆగడం కూడా చూశాను. శబరిమల రోజులు, కాయకి గిరాకీ, లారీ వచ్చి నిలబడింది, కాయ ఎక్కించాలి. అడిగితే ఏం చెబుతుందో నాకు తెలుసు. చెబితే ఆ రోజు పని ఆగిపోతుంది. అందుకని అడగలేదు. మనిషి పథ్యం తిన్నది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

శనివారం పొద్దున నేను పళ్ళు తోముకుంటుంటే పెరట్లోంచి "ఏవం..." అని వినిపించింది. తర్వాత అక్షరం రాలేదు. వెళ్ళి చూస్తే చెంబు కింద పడి ఉంది, ఆవిడ గోడకానుకుని కూర్చుంది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఒళ్ళు కాలిపోతోంది.

అమలాపురంలో ఆరు రోజులు

కారులో అమలాపురం వెళ్ళేదాకా ఆవిడ తల నా భుజం మీదే ఉంది. కాలవ మీద వంతెన వచ్చిన ప్రతిసారీ కారు కుదుపుకి మూలిగేది. నేను డ్రైవరు మీద అరుస్తున్నాను. చేతనైనది అదొక్కటే.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల, మా సునీత వయసుంటుంది. ఎక్సరే పైకెత్తి చూపించింది. రెండు వైపులా తెల్లగా ఉంది. నల్లగా ఉండాలట.

"మొదటిసారి జ్వరం ఎప్పుడొచ్చిందండీ?"

చెప్పాను.

"మందులేమన్నా వాడేరా?"

"నావి నాలుగు మిగిలితే వేసేనండి."

ఆవిడ నన్ను తిట్టలేదు. కాగితం మీద నాలుగు అని రాసుకుంది. తిడితే బావుండేది.

"మధ్యలో జ్వరం తగ్గిందా?"

"తగ్గిందండీ. పథ్యం కూడా పెట్టేను."

"మీరేం చేస్తారండీ?" అని అడిగింది. కొబ్బరికాయల కొట్టు అన్నాను. అప్పుడు రోగి బంధువులకి రోజూ చెప్పే పాఠం కాకుండా నాకు తెలిసేలా చెప్పింది. గొంతు నుంచి ఊపిరితిత్తుల దాకా లోపలి పొర మీద ఒకరకం చక్కెర పూత ఉంటుంది. ఫ్లూ వైరస్ దాన్ని పట్టుకునే కణంలోకి దూరుతుంది. లోపల పిల్లలు పెట్టాక అవి బయటికి రావాలంటే అదే చక్కెర జిగురులా పట్టుకుని వదలదు. అందుకని వైరస్ దగ్గర ఒక ఎంజైము ఉంటుంది, కత్తెరలాంటిది. పేరు న్యూరామినిడేజ్. అది ఆ చక్కెరని కత్తిరించి దారి చేస్తుంది. నేను మింగిన క్యాప్సూల్స్ పని ఆ కత్తెరని పట్టి ఆపడమే. మొదటి రెండు రోజుల్లో మొదలుపెట్టి, చెప్పినన్నాళ్ళూ వాడితేనే దాని వల్ల మేలు.

"వైరస్ వెళ్ళిపోయేక ఆ పొర బోడిగా మిగులుద్దండి. మన ముక్కులో గొంతులో మామూలుగా పడుండే బ్యాక్టీరియాకి అప్పుడు అతుక్కోడానికి చోటు దొరుకుద్ది. వాటి దగ్గరా అలాంటి కత్తెరే ఉందండీ. రెండు కత్తెరలూ కలిసేయి. కత్తిరించిన చక్కెర వాటికి తిండి."

"అంటే ఒకడు వలిచి పోయేడు, ఇంకొకడొచ్చి కొట్టేడు," అన్నాను.

"ఆయ్, అలాగేనండి."

నాకు అర్థమైంది. బాగా అర్థమైంది. పీచు మీదున్న కాయ నెలలు నిలవుంటుంది. వలిచిన కాయకి ఎండ తగిలితే పగులుతుంది, కన్ను దగ్గర చెమ్మ తగిలితే కుళ్ళుతుంది. అందుకే వలిచేటప్పుడు కన్ను మీద పీచు పిలక వదిలిపెట్టమని నేను కూలీల మీద రోజూ కేకలేస్తాను. కాయ విషయంలో అంత జాగ్రత్త నాది. జ్వరం దిగిన నాడు సత్యవతి వలిచిన కాయలా ఉంది. తలకి పోసి, చలిగాలిలో కూర్చోబెట్టి, పద్దెనిమిది మందికి కాఫీ పెట్టించాను.

"నాలుగు కాకుండా పదీ వేసుంటే, ముందే తీసుకొచ్చుంటే?" అని అడిగాను.

"చెప్పలేమండి. అన్నీ సరిగ్గా చేసినా కొందరికి ఇలా తిరగబడుద్ది. కానీ రెండో జ్వరం వచ్చిన రోజే తెస్తే మాకు రెండు రోజులు దొరికేవండి."

గురువారం, శుక్రవారం. ఆ రెండు రోజులు నా దగ్గరే ఉన్నాయి.

మూడో రోజు గొంతులో గొట్టం వేస్తామన్నారు. దానికి ముందు ఐదు నిమిషాలు నన్ను లోపలికి వెళ్ళనిచ్చారు. మొహం మీద ఆక్సిజన్ మాస్కు. కళ్ళు మాత్రం మామూలుగా ఉన్నాయి, ఇంటి తాళం వేశారా లేదా అని అడిగినట్టు నన్ను చూసింది.

"గురువారమే జ్వరం వచ్చిందని డాక్టరమ్మకి చెప్పేవంట కదా. నాకు ఎందుకు చెప్పలేదు సత్యా?"

మాస్కు లోంచి ముక్కలు ముక్కలుగా వచ్చింది మాట. "పథ్యం వికటించిందంటే... మీరు పెట్టేరు కదండీ... మీ అక్కగారు మిమ్మల్ని అంటారని."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి నా ఏడుపు ఎప్పుడూ నచ్చదు. చెయ్యి కదిపి ఆపమంది.

"బీరకాయ ఉడకలేదండి ఆ రోజు," అంది. "ముదురు కాయ. చూసి కొనాలి."

నవ్వడానికి చూసింది, దగ్గొచ్చింది. నర్సు నన్ను బయటికి పంపేసింది. నాతో ఆవిడ మాట్లాడిన ఆఖరి మాట అది.

ఆసుపత్రి హాల్లో కుర్చీలన్నీ ఒకదానికొకటి బిగించి ఉంటాయి. ఒకడు కదిలితే వరసంతా కదులుతుంది. ఆ వరసలో కూర్చుని అందరం ఒకే తలుపు వైపు చూసేవాళ్ళం. తలుపు తీసి వేరేవాళ్ళ పేరు పిలిస్తే ప్రాణం కుదుటపడేది. ఇంకొకరి కష్టం చూసి ఊపిరి పీల్చుకోవడం నేను అక్కడ నేర్చుకున్నాను. లోపల పనిచేసే ఆయమ్మ ఒకావిడ నాలుగో రోజు బయటికొచ్చి, "అమ్మగారి జుట్టు చిక్కులు పడిపోతందండీ, నేనే దువ్వి రెండు జడలు వేసేను. చిన్నపిల్లలా ఉన్నారు," అని చెప్పి వెళ్ళింది. ఎవరూ చెప్పమనలేదు. ఆ ఆరు రోజుల్లో నేను తిన్న అన్నం ఏదన్నా ఉంటే ఆ మధ్యాహ్నం తిన్నదే.

సునీత పిల్లని అత్తగారికి వదిలి రోజూ వచ్చేది. తల్లిని గొట్టం వెయ్యకముందు తనూ చూసింది. తల్లి ఏం చెప్పిందో నన్ను అడగలేదు, తనకి ఏం చెప్పిందో నాకు చెప్పలేదు.

అక్క కూడా వచ్చింది. వచ్చీ రాగానే, "ఏం తిందిరా?" అంది.

"ఏం తినలేదక్కా."

"ఊరికే వికటించదురా పథ్యం. ఏదో తినే ఉంటాది."

ఇంటి తాళం అడిగి తీసుకుని, ఆటో కట్టించుకుని మలికిపురం వెళ్ళింది. సాయంత్రానికి తిరిగొచ్చింది. ఆవిడ వెతికింది దొరికింది. "ఆవకాయ జాడీ మూతికి వాసెన గుడ్డ సరిగ్గా కట్టలేదు. చెంచాకి ముద్ద అంటుకునుంది. నేననలా? నోరు కట్టుకోలేకపోయింది మహాతల్లి."

ఆ ఆవకాయ తిన్నది నేను. బుధవారం మధ్యాహ్నం సత్యవతికి చప్పిడి కూర పెట్టి, నేను వంటింట్లో నిలబడి ఆవకాయ కలుపుకుని తిన్నాను. వాసెన కట్టడం నాకు రాదు.

ఈ మాట అక్కకి చెబుదామనుకున్నాను. లోపల సత్యవతి గొట్టంతో ఉంది, ఇప్పుడు ఆవకాయ పంచాయితీ ఏంటని ఊరుకున్నాను. లేచి తిరిగాక తనే అక్కకి జవాబు చెప్పుకుంటుందిలే అనుకున్నాను. తనకి చేతనవును.

ఆరో రోజు మధ్యాహ్నం తలుపు తీసి నా పేరు పిలిచారు.

పెద్దకార్యం

పదకొండో రోజు ఇంటినిండా జనం. గురువారం వచ్చిన పద్దెనిమిది మందీ వచ్చారు, ఇంకా చాలామంది వచ్చారు. ఆ వరండాలోనే, ఆ కుర్చీల్లోనే. కాఫీలు వంటవాళ్ళు ఇస్తున్నారు. నేను గోడకానుకుని కూర్చున్నాను. సునీత గుమ్మంలో నిలబడి పిల్లని భుజాన వేసుకుని జోకొడుతోంది.

నా జ్వరం సంగతి ఈసారి ఎవరూ అడగలేదు. అందరి ప్రశ్నా ఒకటే. తగ్గిన మనిషి ఎలా పోయింది?

అక్క చెప్పింది. ఏడుస్తూనే చెప్పింది, ప్రేమతోనే చెప్పింది, అది నేను కాదనను. "మా తమ్ముడు మగాడై ఉండి, చేతులారా వండి పథ్యం పెట్టేడండి. ఎవరు చేస్తారండి అలాగ? ఇది దొంగతనంగా ఆవకాయ తినేసింది. నేను కళ్ళారా చూసేను జాడీ. నాలిక చంపేసిందండి దాన్ని."

ఆడవాళ్ళు నోటికి కొంగడ్డం పెట్టుకున్నారు. ఒకావిడ, "మావాడికీ అంతేనమ్మా, పథ్యం రోజున మామిడికాయ తిని..." అని మొదలుపెట్టింది. మా పెదనాన్నగారు, ఎనభై దాటిన మనిషి, నా వైపు తిరిగారు. ఆయన ముందు నేను ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడినవాణ్ణి కాదు.

"అంతేనా నాన్నా? ఆవకాయ తిందా కోడలు?"

అందరూ నా మొహం చూశారు. గుమ్మంలో జోకొట్టడం ఆగింది.

అప్పుడు నేను చెప్పాల్సింది చాలా ఉంది. మాస్కు తీయించింది నేను. మందు సగం దాచింది నేను. జనం వస్తారని ముందురోజే నీళ్ళు పోసింది నేను. శుక్రవారం దగ్గు విని లారీ దగ్గరికి వెళ్ళిపోయింది నేను. ఆవకాయ తిన్నది కూడా నేనే. ఇందులో ఏ ఒక్కటి చెప్పినా చాలు. డాక్టరమ్మ చెప్పిన కత్తెర మాట ఎత్తినా సగం పరువు దక్కేది సత్యవతికి.

"ఆయ్," అన్నాను.

పెదనాన్నగారు తల పంకించి కాఫీ అందుకున్నారు. సునీత పిల్లని తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.